పొరపైన మిగిలింది

అనుషమ్మా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదని ఈ చీటీ రాసి ఆటో పంపన్నతో గాంధీనగర్‌కు పంపిస్తాండా. గాబరి పడొద్దు. తిట్టేదానికి రాయలేదు. తిట్టేది తర్వాత ఉండాది.

నిన్న నువ్వు వడకట్టి, సీసాలో పట్టి మన ల్యాబులో సార్ టేబుల్ మీద పెట్టి పోయిన నీళ్ళలో డీఎన్‌ఏ లేదు. పరీక్ష చేసి చూసినా. గొర్రెల టీకాకు కావాల్సిన ఆ డీఎన్‌ఏ, ప్లాస్మిడ్ అంటారే, అది పెద్దది, వడకట్టే ఆ పల్చటి పొరలోంచి కిందికి దిగదు. ఉప్పు, చిన్నచిన్న చెత్త మాత్రమే దిగుతాది. మంచిది పైనే నిలిచిపోతాది, పారబోసేది కిందికొస్తాది. నువ్వు తిరగేసినావు. ఎందుకో కూడా నాకు తెలుసు. బ్రూస్‌పేటలో మన నెయ్యి అంగడిలో పెరిగినోళ్ళం, బట్టలోంచి కిందికి కారిందే సరుకు అనుకుంటాం.

సార్ బెంగళూరు నుంచి వచ్చే లోపల ఆ పైన మిగిలింది దొరకాల. దొరక్కపోతే ఆ డీఎన్‌ఏను తయారుచేసే బ్యాక్టీరియాను మళ్ళీ మొదటి నుంచి పెంచాల. నీ కెలస ఉండదు, ఉద్యోగం పోతాది, నిన్ను చేర్పించిన నా మాటకూ విలువ ఉండదు. సింకు చూసినా, చెత్తడబ్బా వెతికినా. ఖాళీ సీసా కూడా యాడా కనపడలేదు, అంటే నువ్వు పారబోసిండవు.

నెయ్యి కాచినాక బట్టమీద మిగిలిన గసిని, ఆ మడ్డిని, చిన్నాయన ఎప్పుడన్నా పారబోసినాడా? చక్కెర కలిపి మనకోసం దాచిపెట్టేటోడు. నీకూ అదే చెయ్యి వచ్చింటాది.

పంపన్న వాకిట్లోనే నిలబడి ఉంటాడు, నోటితో చెప్పి పంపు. యాడ దాచినావు తల్లీ? చల్లగా ఉండే చోటే కదా?

నీ అక్క