విఠల్ తెర మీద చెప్పిన మాట

ఆదివారం, నారాయణఖేడ్

నా పాత దోస్తు విఠల్ నటించిన సినిమాను ఈరోజు ఫంక్షన్ హాల్లో వేశారు. ఇద్దరు ముసలి స్నేహితులు స్కూటర్ మీద బీదర్ దాకా పోయే కథ. నిరుడు ఆ సినిమా తీసే పిల్లలు మా ఇద్దరినీ కలిపే నటించమని అడిగారు. "గీ వయసుల మనకు వేషాలేంది? నలుగురు నవ్వుతరు" అని నేనే రానన్నాను. నా బదులు కల్హేర్‌లో బట్టలు కుట్టే సామ్యూల్‌ను తీసుకున్నారు.

తెర మీద సామ్యూల్ స్కూటర్ నడుపుతున్నాడు. వెనక కూర్చున్న విఠల్ అతని భుజం మీద చెయ్యి వేసి అన్నాడు: "మా ఇంటామె దవాఖానల ఉన్నప్పుడు పదకొండు దినాలు నా పక్కనే కూసున్నవు. నువ్వు లేకుంటే నేను ఆగమైపోతుంటి. గీ మాట నీకు ఎన్నడు చెప్పలే."

హాల్లో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. ఆ పదకొండు రోజులూ వాడి పక్కన కూర్చున్నది నేను.

బయటికొచ్చాక, "గా డైలాగ్ ఎవరు రాసిండ్రు?" అని విఠల్‌ను అడిగాను.

"ఎవ్వరు రాయలే. నీకు చెప్పాల్సిన మాటనే. ఉత్తగ చెప్పనీకి నోరు రాలే. సినిమాల నువ్వుంటవు, చెప్తా అనుకున్న. నువ్వు రాకపోతివి."

అప్పుడైనా వాణ్ని దగ్గరికి తీసుకోవాల్సింది. నేను వాచీ చూసుకుని, "మీ మనూర్ ఆటో పోతది, జల్దీ నడువు" అన్నాను. వాడు తలూపి ఎక్కేశాడు.

ఇంటికొచ్చి రెండుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి ఇల్లు చేరావా అని అడిగాను. రెండోసారీ అదే అడిగాను.