గిన్నె తిరిగియ్యి, ఖాళీగ వద్దు

కౌసల్యా,

సౌజన్యను ఎనిమిదింటికి లేపు, పదింటికి ఆన్‌లైన్ పరీక్ష. వైఫై పాస్‌వర్డ్ మార్చి దానికొక్కదానికే చెప్పిన. నీకు మొహమాటం ఎక్కువ.

మొన్న పరీక్ష మధ్యల నెట్ ఆగి పిల్ల ఏడ్చింది కదా. పక్కింటి బాలలక్ష్మికని మనమిచ్చిన పాస్‌వర్డ్, పై అంతస్తు హాస్టల్ మెట్ల గోడమీద చాక్‌పీస్‌తో రాసి ఉంది. అడిగితే "వాడుకుంటే అరుగుతదా అన్నా?" అని నవ్వింది. ఆ నవ్వుకు రోత పుట్టింది.

ఇయ్యాల కూర గిన్నె పట్టుకొని వస్తది, పోయినసారి మార్చినప్పుడూ అట్లనే వచ్చింది. గిన్నెల నాలుగు బత్తాయిలు వేసి తిరిగియ్యి. పాస్‌వర్డ్ అడిగితే తెల్వదని చెప్పు, అబద్ధం కూడా కాదు.

జానయ్య

బాలలక్ష్మి వాళ్ళత్త రోజూ నాలుగింటికి మన వైఫై మీదనే బిడ్డతో వీడియోల మాట్లాడుకుంటది. ముసలామెను మనింటికి పిలిచి సౌజన్య ఫోన్ ఇయ్యి.