ఆఖరి మెట్టు మీద నిఘా

సోమవారం

గౌరవనీయులైన ఇంటి యజమాని గారికి,

నమస్కారాలు. మీ మేడ మీద అద్దెకున్న ఆఫీసులో బిల్లులు రాసే ఉద్యోగిని నేను. గళ్ల గొడుగు అమ్మాయి అంటే మీరు గుర్తుపడతారు.

పోయిన వారం మా హెడ్డాఫీసు నుంచి ఒక శిక్షకుడు వచ్చారు. ఆఫీసులో ప్రమాదాల్ని ముందే ఎలా పసిగట్టాలో, ఎలా ఆపాలో పాఠాలు చెప్పారు. సొరుగు తెరిచి వదిలేయకూడదు, నేలమీద వైర్లు పాకనివ్వకూడదు, చక్రాల కుర్చీ ఎక్కి బీరువా మీది ఫైలు అందుకోకూడదు. అన్నీ మేం రోజూ చేసే పనులే కాబట్టి అందరం ఎంతో శ్రద్ధగా విన్నాం. చివర్లో భద్రతా పరిశీలన కోసం మీలోంచే ఒకరిని ఎన్నుకోండి అన్నారు. సరిగ్గా అప్పుడే నేను చేతులు కడుక్కోవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అందరూ నాకు చప్పట్లు కొడుతున్నారు.

అసలు సంగతికి వస్తాను. గురువారం మా టీ అక్క ట్రేతో పైకొస్తూ ఆఖరి మెట్టు దగ్గర పడిపోయింది. వేడి టీ ఒలికి మణికట్టు కాలింది. "అజాగ్రత్త మనిషి. వచ్చే నెల నుంచి వేరేవాళ్లని చూడండి" అన్నారు మా మేనేజర్. ఇన్నేళ్లుగా చుక్క తొణకకుండా తెచ్చిన మనిషి ఆ రోజే ఎందుకు పడింది? మా శిక్షకుడేమో, ఎవరైనా పడితే ముందు ఆ చోటు చూడండి, మనిషిని తర్వాత చూద్దాం అన్నారు. అందుకని మూడు రోజులుగా మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నాను. మీ ఆఖరి మెట్టు మీద రోజూ బోలెడన్ని నియర్ మిస్సులు జరుగుతున్నాయి. ఆ మెట్టుని దగ్గరగా పరీక్షించడానికి మీ అనుమతి కావాలి.

ఇట్లు,
భద్రతా పరిశీలకురాలు

తా.క.: దిగొచ్చి నోటితో చెప్పొచ్చు కదా అనుకుంటారేమో. ఇలాంటివి రాతలోనే ఉండాలని మాకు నేర్పారు. అంతేగానీ మీరంటే భయమై కాదు. భయం కూడా కొంచెం ఉంది.

*

మంగళవారం

మేడమీది పరిశీలకురాలికి, కింది ఇంటాయన కోపంతోనే ఆశీర్వదించి రాయునది.

ఈ ఇల్లు నేను దగ్గరుండి కట్టించుకున్నాను. ఇటుక మీద ఇటుక పెడుతుంటే ఎండలో నిలబడి చూశాను. నా మెట్లకి వంక పెట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు. పుట్టినా అద్దెకి రాలేదు.

అది అలా ఉంచు. నీ ఉత్తరంలో 'నియర్ మిస్సులు' అన్న ముక్క అర్థంకాక పక్కన మందుల షాపతన్ని అడిగాను. నియర్ అంటే దగ్గర, మిస్ అంటే పెళ్లికాని అమ్మాయి అన్నాడు. రెండూ కలిపి చదువుకునేసరికి నాకు చెమటలు పట్టాయి. నా మెట్ల మీద, అదీ రోజూ, అదీ బోలెడన్ని! మళ్లీ దాన్ని నువ్వు దగ్గరగా పరీక్షిస్తానంటావా? ఇంట్లో ఆడపిల్లకి చెప్పేవాళ్లే లేరా?

ఇవాళే బోర్డు రాయించి పైన కట్టించాను. 'మెట్ల మీద జంటలు ఆగరాదు.' ఎర్ర అక్షరాలు. కింద నుంచే కనపడతాయి.

ఇట్లు,
ఇంటి యజమాని

తా.క.: టీ అమ్మాయి చెయ్యి ఎలా ఉంది? మా ఆవిడ కాలినదానికి రాసే మందు ఇచ్చింది, ఈ కవరులోనే పెట్టాను. ఆ పిల్ల రోజూ నాకు అరకప్పు పోసి వెళ్లేది. ఈ వాక్యం మా ఆవిడ చూడలేదు.

*

బుధవారం

గౌరవనీయులైన యజమాని గారికి,

నమస్కారాలు. నవ్వొచ్చినా ఆపుకుని రాస్తున్నాను. నియర్ మిస్ అంటే త్రుటిలో తప్పిన ప్రమాదం అండీ. కాలు తట్టుకుని, ముందుకి తూలి, రెయిలింగు పట్టుకుని నిలదొక్కుకుని, ఎవరైనా చూశారా అని ఇటూ అటూ చూసుకోవడం. ఇందులో అమ్మాయిలూ ఉన్నారు, రిటైర్మెంటుకి దగ్గరపడిన మా క్యాషియర్ గారూ ఉన్నారు. పడలేదు కదా అని అలాంటివి వదిలేయకూడదట. పడబోయే మనిషి కంటే ముందుగా వచ్చే కబురు అదే అన్నారు మా శిక్షకుడు.

మీ బోర్డు వల్ల ఒక చిక్కొచ్చింది. అది సరిగ్గా ఆఖరి మెట్టుకి ఎదురుగా ఉంది. అందరూ పైకి చూసి చదువుతూ ఎక్కుతున్నారు. నిన్నటిదాకా తట్టుకోనివాళ్లు కూడా ఇవాళ తట్టుకున్నారు. కొరియరతను 'జంటలు' దాకా చదివి మోకాళ్ల మీద కూలబడ్డాడు. దయచేసి బోర్డు తీయించండి. దాని బదులు ఆ మెట్టు అంచున ఒక పసుపు గీత వేయిస్తే కంటికి ఆనుతుంది.

ఇట్లు,
భద్రతా పరిశీలకురాలు

తా.క.: మా ఆఫీసులో భార్యాభర్తలు ఇద్దరు పనిచేస్తున్నారు. బోర్డు చూసినప్పటి నుంచి వేరువేరుగా పైకొస్తున్నారు. బోర్డు తీసేస్తారని చెబితే ఆవిడ, "అంత తొందరేముంది?" అంది.

*

శుక్రవారం

చిరంజీవి గళ్ల గొడుగుకి,

బోర్డు తీయించాను. మందుల షాపతనితో మాటలు మానేశాను.

గీత ఒక్క మెట్టుకే గీస్తే మిగతావి అలిగినట్టు ఉంటాయి కదా. నిన్న సాయంత్రం మీరంతా వెళ్లాక అన్నిటికీ నిండుగా పసుపు రంగు కొట్టించాను. పొద్దుటికి ఆరుతుందని ఆ రంగులతను ఒట్టేశాడు. ఆరలేదు. ముందొచ్చింది మీ మేనేజరు. ఆయన బూట్లకీ ప్యాంటుకీ అయినదాని గురించి ఆయన నాతో ఏం అన్నాడో ఇక్కడ రాయను. ఇంటిముందు నిలబడి అన్నాడు, అందరూ విన్నారు.

కానీ అమ్మాయీ, ఆయన వెళ్లాక ఒక వింత చూశాను. ఆయన అడుగులు మెట్టు విడిచి మెట్టు మీద ఉన్నాయి. ఆయన మెట్లెక్కడు, గెంతుతాడు! తర్వాత వచ్చినవాళ్లందరి అడుగులూ ప్రతి మెట్టు మీదా ముద్దగా పడ్డాయి. అన్ని మెట్ల అంచులూ బాగానే ఉన్నాయి. ఆఖరి మెట్టు అంచు మాత్రం పిల్లులు గీరినట్టు అయిపోయింది. అందరి చెప్పుల ముక్కులూ అక్కడే తగిలాయన్నమాట. ఒక్క చోటే ఎందుకు? నాకు మధ్యాహ్నం కునుకు పట్టలేదు. కుర్చీ తెచ్చుకుని మెట్ల ముందే కూర్చున్నాను. ఎవరు ఎక్కినా వాళ్ల పాదాలే చూస్తున్నాను. మీ క్యాషియరు రెండుసార్లు తన చెప్పులు చూసుకున్నాడు.

నీకేమైనా తోచిందా? వెంటనే రాయి.

ఇట్లు,
కింది ఇంటాయన

తా.క.: మా ఆవిడ ఇంట్లోంచి చూసి, "ఈ వయసులో వాకిట్లో కూర్చుని వచ్చేపోయే వాళ్ల కాళ్లు చూడ్డమేమిటి?" అంటోంది. శిక్షణలో ఉన్నానని చెప్పాను.

*

శనివారం

బాబాయిగారికి,

అలా పిలవొచ్చు కదా? నమస్కారాలు. మీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను. బల్ల సొరుగు తెరిచి ఉంది, మోకాలికి తగిలింది. పరిశీలకురాలి సొరుగే అది.

మీరు అడిగిన 'ఎందుకు' దగ్గర ఆగొద్దు అని మా శిక్షకుడు చెబుతారు. వచ్చిన జవాబుని మళ్లీ ఎందుకు అని అడగాలట. అడిగీ అడిగీ ఎదుటివాళ్లకి విసుగొచ్చినప్పుడు అసలు కారణం దగ్గరపడ్డట్టట. అందరి ముక్కులూ అక్కడే తగులుతున్నాయంటే ఆ మెట్టు మిగతావాటి కంటే ఎత్తేమో? కాలు గుడ్డిగా ఎక్కుతుంది కదా, కింద మెట్లు ఎంత ఎత్తో పైదీ అంతే అనుకుంటుంది. కానీ ఊహ చాలదు, కొలవాలి.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మంగళవారం శిక్షకుడు ఆఫీసు తనిఖీకి వస్తున్నారు. రంగు గొడవ తర్వాత మేనేజర్ గారు అందరి ముందూ అన్నారు. "మెట్లదే తప్పయితే ఈ బిల్డింగ్ ఖాళీ చేసి పోదాం. మెట్లు బాగుంటే టీ మనిషిని మార్చేద్దాం. నాకైతే ఇన్నేళ్లలో ఒక్కసారీ కాలు తట్టుకోలేదు." కొలిస్తే మీకు నష్టం రావచ్చు బాబాయిగారూ. కొలవకపోతే టీ అక్కకి నష్టం. మిమ్మల్ని కొలవమని అడగడానికి నాకు నోరు రావట్లేదు. అందుకే రాస్తున్నాను.

ఇట్లు,
మీ గళ్ల గొడుగు

తా.క.: మెట్ల ముందు కుర్చీ వేయకూడదండీ. ఏ నిప్పో అంటుకుంటే అందరూ పరుగున దిగేది అక్కడికే. పక్కకి జరిపి కూర్చోండి. కాళ్లు అక్కడి నుంచీ కనపడతాయి.

*

ఆదివారం

అమ్మాయికి, బాబాయి ఆశీర్వదించి రాయునది.

కుర్చీ జరిపాను.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చదివాను. నిజం చెబుతున్నాను, కొలవకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మీ ఆఫీసు వెళ్లిపోతే ఇల్లు ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుందో. మీ పిన్ని అన్నం పెడుతూ, "ఆ పిల్ల చెయ్యి చూశారా?" అంది. చూడలేదన్నాను. "నేను చూశాను" అంది. ఇంకేమీ అనలేదు. ఇంకేమైనా అని ఉంటే పోట్లాడి తప్పించుకునేవాణ్ణి.

పొద్దున్నే నా చేతికర్ర తీసుకుని మొదటి మెట్టుకి ఆనించి, ఎత్తు ఎంతుందో సుద్దతో గీత గీశాను. ఒక్కొక్క మెట్టుకీ కర్ర ఆనిస్తూ ఎక్కాను. ప్రతిచోటా గీత మెట్టు అంచుకి సరిపోయింది. ఆఖరి మెట్టు దగ్గర గీత కిందే ఉండిపోయింది. తలుపు ముందు నేల దానికి రెండు వేళ్లు పైకి ఉంది.

ఎందుకు? అలాగే అడగమన్నావు కదా, అడిగాను. నేను కట్టించినప్పుడు లేని ఎత్తు ఎక్కడి నుంచి వచ్చింది? పైన తలుపు ముందు మెరుస్తున్న పలకలు చూశాక అర్థమైంది. మీరు అద్దెకి వచ్చిన కొత్తలో, "గుమ్మం ముందు కాస్త మెరవాలి" అని మీ మేనేజరు ముచ్చటపడి పలకలు వేయిస్తానన్నాడు. సరే అన్నాను. మేస్త్రీ పాత నేల తవ్వకుండా దాని మీదే సిమెంటు పోసి పలకలు పరిచాడు. మెట్లు అక్కడే ఉన్నాయి, నేల లేచింది.

మరి అడిగినవాడికీ సరేనన్నవాడికీ ఇన్నాళ్లూ తెలియలేదేం? ఆయన గెంతుతాడు, కాలు అంత పైకి లేస్తే ఇంకేం తగులుతుంది? నేనేమో మోకాళ్ల నొప్పులతో పైకి రావడమే మానేశాను. మధ్యలో ఆ టీ పిల్ల పడింది.

మేస్త్రీని పిలిపించాను. ఇవాళే పలకలు పీకి, నేల పాత మట్టానికి దించుతున్నాడు. ఈ ఉత్తరం మీ మేనేజరుకి చూపించు. ఖాళీ చేస్తే చెయ్యనీ.

ఇట్లు,
బాబాయి

తా.క.: కొలుస్తూ కొలుస్తూ ఆ మెట్టుకి నేనే తట్టుకున్నాను. పడలేదు. మీ పిన్నికి చెప్పకు. ఆవిడ వెనకే ఉంది కాబట్టి చూసింది, కానీ నేను నీకు చెప్పానని తెలియకూడదు.

*

బుధవారం

బాబాయిగారికి, పిన్నిగారికి,

నమస్కారాలు. నిన్న నన్ను ఆటోలో కూర్చోబెట్టి పంపేటప్పుడు మీరు, "ఏమైందమ్మా, ఏమైంది?" అని అడుగుతూనే ఉన్నారు. నొప్పితో చెప్పలేకపోయాను. ఇప్పుడు కాలు దిండు మీద ఉంది, చేతిలో కలం ఉంది. మొదటి నుంచీ చెబుతాను.

మీ ఉత్తరం సోమవారమే మేనేజర్ గారి బల్ల మీద పెట్టాను. రెండుసార్లు చదివారు. వెళ్లి తలుపు ముందు దిగిన నేలని చూసొచ్చారు. "ఆ పలకలు బాగుండేవి" అన్నారు. కుర్చీలో కూర్చుంటూ, "టీ మనిషి సంగతి వదిలేయండి, ఆమే ఉంటుంది" అన్నారు. ఖాళీ చేసే మాట ఎత్తలేదు.

నిన్న శిక్షకుడు వచ్చారు. ఆయన్ని తీసుకురావడానికి అందరం కిందికి దిగాం. ఆయన ముందు, పక్కన మేనేజర్ గారు, వెనక మేమంతా. శిక్షకుడు ప్రతి మెట్టూ చూసుకుంటూ హాయిగా ఎక్కేశారు. ఆయనకి మన మెట్లు కొత్త. మాకు పాతవి, అదే మా కొంప ముంచింది. ఆ ఎత్తు కంటికి ఎప్పుడూ కనపడకపోయినా కాళ్లకి అలవాటైపోయింది బాబాయిగారూ! అప్పుడప్పుడు తట్టుకున్నా, మిగతా వేళల్లో కాలు తనంతట తానే అక్కడ రెండు వేళ్లు ఎక్కువ లేచేదన్నమాట. సోమవారం కొత్త నేల కదా అని చూసుకుంటూ ఎక్కాం, నిన్న శిక్షకుణ్ణి చూస్తూ ఎక్కేసరికి మళ్లీ లేచింది. కింద నేల లేదు.

పెద్దమనిషి పక్కన గెంతితే బాగుండదని మేనేజర్ గారు జన్మలో మొదటిసారి ఒక్కొక్క మెట్టే ఎక్కుతున్నారు. ఆఖర్న లెక్క తప్పి ధబీమని కాలు వేసి శిక్షకుడి భుజం పట్టుకున్నారు. వెనకే క్యాషియర్ గారు ధబ్. భార్యాభర్తలు ఒకేసారి ధబ్, ధబ్. శిక్షకుడు వెనక్కి తిరిగి మమ్మల్నందరినీ వింతగా చూసి, "ఇక్కడికి రాగానే కవాతు చేస్తారా మీరు?" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నేనూ కాలెత్తాను. చీలమండ బెణికింది. టీ అక్క పరుగున వచ్చి పట్టుకోకపోతే కిందిదాకా వచ్చేదాన్ని. తను మాత్రం ఆ మెట్టు దగ్గర ఆగి, పాదంతో తడుముకుని మరీ ఎక్కుతోంది ఇప్పుడు.

శిక్షకుడు మీ చేతికర్ర మీది గీత చూడాలన్నారట, మీరు చూపించారట. చాలాసేపు అదేపనిగా చూశారని అక్క చెప్పింది. సాయంత్రం ఆయన రాసిన నివేదిక ఇది. మెట్లు సరిగ్గా ఉన్నాయి. ఉద్యోగుల కాళ్లకి తిరిగి శిక్షణ అవసరం. అలవాటు పోయేదాకా సిబ్బంది యావన్మందీ రోజూ పనిలోకి వచ్చేముందు రెయిలింగు పట్టుకుని, ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ దిగుతూ సాధన చెయ్యాలి. దగ్గరుండి నేర్పడానికి ఓపికా, గమనించే కన్నూ ఉన్న మనిషి కావాలి. కింది ఇంటాయన్ని ఒప్పించవలెను.

కాదనకండి బాబాయిగారూ.

ఇట్లు,
మీ గళ్ల గొడుగు

తా.క.: మేనేజర్ గారు ఫోన్ చేశారు. ఎవరూ చూడకుండా నేర్చుకోవడానికి అందరికంటే ముందు వస్తానని మీతో చెప్పమన్నారు. రానివ్వండి. కానీ నా కాలు తగ్గేదాకా ఆయనకి మొదటి మెట్టు పాఠమే చెబుతూ ఉండండి. మిగతాది నేనొచ్చి చూడాలి.