పొగ తగిలిన పిప్పి

ఏప్రిల్ 24, గురువారం

సెలవులకని సోంపేట వస్తే అక్కావాళ్లింట్లో నాకే పరీక్ష. జీడిపండు రసం తీశాక మిగిలిన పిప్పిని ఇన్నాళ్లూ గోతిలో పోసేవారు. ఈగలు, కంపు. దాన్ని ఎండబెట్టి పశువుల దాణా చేస్తానంటున్నాడు బావ. "కాలేజీలో పాఠాలు సెప్తావు గదా. ఈ పని పదికాలాలు నిలబడతాదా, సూసి సెప్పు."

చూస్తున్నాను. బావకి కాలు ఒకచోట నిలవడం లేదు.

ఏప్రిల్ 26, శనివారం

మంచి ఎండ. టార్పాలిన్ మీద పిప్పి గలగలలాడుతోంది. తవుడు కలిపి పెడితే అక్క ఆవు గంప నాకేసింది. మంట అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, గొయ్యి ఖాళీ. బాగుందన్నాను... తొందరపడ్డానా?

ఏప్రిల్ 29

మబ్బు. సాయంత్రం గాలివాన. పిప్పి పులిసిపోయింది.

ఏప్రిల్ 30

బావకి ఆగే గుణం లేదు. పలాస నుంచి జీడిపిక్కల తొక్కలు తెప్పించి మంటేశాడు, పైన రేకుల మీద పిప్పి పరిచాడు. నల్లటి పొగ. తొక్కల్లోని నూనె ఘాటుకి కళ్లు మండిపోయాయి. వెనకింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. ఒక చెత్తను బాగుచేయడానికి ఇంకో చెత్తను తగలబెట్టడమా?

"అదీ సెత్తే, ఇదీ సెత్తే. రెండూ పనికొచ్చాయి. ఇంకేటి కావాల నీకు?"

జవాబు చెప్పేలోపు వెళ్లిపోయాడు.

మే 2, శుక్రవారం

నిన్న ఆ పొగ పిప్పి తిన్న అక్క ఆవు ఇవాళ మేత ముట్టడం లేదు. మూతి చుట్టూ పొక్కులు. "ఈగలు కుట్టుంటాయి," అన్నాడు బావ. ఈగలట! తొక్కల నూనె పొగ పట్టిన ఆ పిప్పి నలిపి చూసిన నా వేళ్లకీ తోలు ఊడుతోంది మరి.

గట్టిగానే చెప్పాను. ఎండుంటే దాణా, లేని రోజు గోతిలో ఎరువు. పొగ మాత్రం వద్దు. వినలేదు. వంటింట్లో అక్క — "కొత్త పని మొదలెట్టినాడు, నోరెత్తకే." ఆవు నీదేనే అక్కా! అందరి మీదా కోపం వస్తోంది.

మే 3

రేపు ప్రథమ ఫలాల ఆదివారం. ఎవరి పంటలో మొదటిది వాళ్లు చర్చికి తెస్తారు, ఆరాధన అయ్యాక వేలం. బావ పొగ దాణా ఒక బస్తా కట్టాడు. దానికి రిబ్బను కూడా.

మే 4, ఆదివారం

కొబ్బరి గెల, పనసపండు, కోడిపుంజు అయ్యాక బావ బస్తా. చెయ్యెత్తింది శాంతమ్మత్త... ఒక్క పాడి ఆవు మీద బతికే మనిషి. 'వద్దత్తా' అని అరవాలి. ముందు వరసలో బావ, ఇస్త్రీ చొక్కా, వెలిగిపోతున్న మొహం. అరుపుకి బదులు నా చెయ్యి లేచింది. ఆమె పాట పెంచింది, నేనూ పెంచాను. చర్చి అంతా నవ్వులు. వెనక నుంచి ఎవరో —

"నీకు ఆవు ఏదే పిల్లా? నువ్వు తింటావేటి?"

చివరికి బస్తా నాది. అత్త ఆవుకి గండం గడిచింది. బావ పరువూ దక్కింది. తెలివైన పనే చేశాననుకున్నాను.

మే 5, సోమవారం

పొద్దున్నే బావ ఫోనులో ఎవరో బేరగాడితో — "మా మరదలు అన్నీ సూసింది. ఆవు నేకపోయినా పోటీపడి కొనుక్కున్నాది. ఇంకేటి సాచ్చికం కావాల?"

కక్కలేను, మింగలేను.

వాకిట్లో తొక్కలు దింపుతున్నారు. శాంతమ్మత్త ఖాళీ సంచితో వచ్చింది. "నిన్న దక్కనిచ్చావు కాదు. ఇయ్యాల నాకే ముందు!" అని కిటికీలోంచి నన్ను చూసి నవ్వింది. బావ స్వయంగా గంపతో పొగ దాణా పోస్తున్నాడు. ఇప్పుడు చెబితే నిన్నటి వేలం గురించి అడుగుతారు. అడగనీ. లేచి వెళ్లాలి.

సంచి సగం నిండింది. నేనింకా రాస్తూ కూర్చున్నాను.