మూడు ఆనపబుర్రలు

అమ్మా,

మా కాలేజీలో సొంత క్లౌడ్ పెట్టాం. పిల్లల ప్రాజెక్టులన్నీ ఇక బయటి కంపెనీ దగ్గర కాకుండా మా సర్వర్లలోనే, ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. అమరిక ఎలా ఉండాలో తేల్చాల్సింది నేనే. ఒకటి ఆగినా మిగతా రెండూ పని నడిపించేలా మూడు సర్వర్లు అనుకున్నాను. మూడూ ఏసీ ఉన్న మా ల్యాబ్‌లోనే ఉండేలా కాగితం మీద గీశాను.

ఆ ఆదివారం గజపతినగరం నుంచి పిన్ని వచ్చింది, చేతిలో ఎండిన ఆనపబుర్రతో. నీకు తెలియదు, నువ్వు పోయిన ఏడాదే వానకు కప్పు కారి, మనింట్లో బుర్రలో దాచిన చోడి (రాగి) విత్తనాలు బూజు పట్టాయి. నీ విత్తనం అంతటితో పోయిందనుకున్నాను.

"ఏటే, అలా సూస్తావు? మీ యమ్మ ఏటా ఓ బుర్ర నాకిచ్చీది, ఇంకోటి కోట ఊర్లో మీ అత్తకిచ్చీది. అన్నీ ఒక్క కప్పు కింద ఎట్టకూడదనీది" అంది పిన్ని.

మర్నాడు నేను గీసిన కాగితం చింపేశాను. ఇప్పుడు ఒక సర్వరు ల్యాబ్‌లో, ఒకటి లైబ్రరీలో, ఒకటి ఆఫీసు మేడ మీద ఉన్నాయి. "మూడు సోట్లకీ తీగలు లాగితే నా నడుం పోతాది మేడమ్" అని ఎలక్ట్రీషియన్ గొణుగుతూనే లాగాడు. నిన్న ల్యాబ్ సర్వరు నేనే ఆపేసి పిల్లల వైపు చూశాను. ఒక్కరూ తల ఎత్తలేదు. వాళ్ల పని సాగుతూనే ఉంది.

పిన్ని తెచ్చిన బుర్రలోంచి తీసి పెరట్లో చల్లిన నీ చోడి ఈ ఉదయం మొలిచింది. పంటొచ్చాక మూడు బుర్రలూ నింపుతాను. మనింట్లో మాత్రం ఒక్కటే ఉంచుతాను.