ఎర్రచారల సాక్సులు

డెన్వర్, సెప్టెంబరు 14

హెస్టర్ అత్తయ్యకి,

క్షేమం. ఈ ప్రొఫెషనల్ జట్టు శిబిరంలో గార్డు స్థానంలో ఆడేవాళ్ళం ఐదుగురం ఉన్నాం. ఖాళీ ఒక్కటే. నెలాఖరుకి నలుగురిని ఇంటికి పంపేస్తారు. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో నాలుగేళ్ళు మన ఊరిని ఊపేసిన నాకు ఇక్కడ బంతి బుట్టలో పడట్లేదు. నా మంచం కింద బూట్ల పెట్టెలో ఎర్రచారల సాక్సులున్నాయి. వెంటనే పంపు.

నీ వెండెల్

తా.క. అవి ఎవరికీ చూపించకు.

కార్డర్ క్రీక్, ఇండియానా, సెప్టెంబరు 17

ఒరే వెండెల్, ఆశీస్సులు.

తొందరన్నావని చేయాల్సినవన్నీ చేసి ఇవాళే పోస్టులో వేశాను. మడమ దగ్గర చిల్లు కూడా కుట్టాను.

మీ అత్త

తా.క. నేనెవరికీ చూపించలేదు. తీగ మీద ఆరుతుంటే ఊళ్ళోవాళ్ళే చూశారు.

డెన్వర్, సెప్టెంబరు 20

అత్తయ్యా,

ఎంత పని చేశావు. తొలి ఆట గెలిచిన రోజు వాటిని ఉతకనని ఒట్టు పెట్టుకున్నాను. నాలుగేళ్ళ గెలుపుల చెమట బకెట్లో కలిపేశావు. ఆఖరి పరీక్ష ఇరవయ్యెనిమిదిన. నిజంగా భయంగా ఉంది.

వెండెల్

తా.క. నిమ్మ సబ్బు వాసనొస్తున్నాయి.

కార్డర్ క్రీక్, సెప్టెంబరు 23

ఒరే నాయనా,

తప్పు నాదే. నీ ఉత్తరం మంగలి ఆర్లో షాపులో చదివి వినిపించాను. ఊరంతా కదిలింది. ఎవరికి అచ్చొచ్చిన సాక్సులు వాళ్ళు తెచ్చిచ్చారు. ఆర్లోవి చేపలు పట్టేటప్పటివి, పాస్టరుగారివి పెళ్ళినాటివి. మొత్తం ముప్పైనాలుగు జతలు. ఒక్కటీ ఉతకలేదు.

మీ అత్త

తా.క. ముందు కిటికీలు తీసి, తర్వాత పెట్టె తెరువు.

డెన్వర్, సెప్టెంబరు 29

అత్తయ్యా, నన్ను ఉంచుకున్నారు!

మీ పెట్టెని కోచ్ కర్రతో బయటికి నెట్టించాడు. గతిలేక నువ్వు ఉతికినవే తొడుక్కున్నాను. ఇరవయ్యారు పాయింట్లు! ఆఖరి బంతి సగం మైదానం నుంచి వేస్తే పడింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. ఉతికిన సాక్సుల్లో ఎలా ఆడానో మాత్రం అంతుబట్టట్లేదు.

నీ వెండెల్

తా.క. పాస్టరుగారికి కొత్త జత కొని పంపుతున్నాను.

కార్డర్ క్రీక్, అక్టోబరు 2

మా బంగారానికి,

ఊళ్ళో అందరం గంతులేస్తున్నాం. ఇప్పుడు చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఆటకి ముందు చెప్తే నీ గుండె జారిపోతుందని ఊరుకున్నాను. నాలుగేళ్ళూ ప్రతి ఆదివారం నువ్వు చర్చిలో పాడుతుంటే నేనింట్లో అవే సాక్సులు ఉతికేదాన్ని. పొయ్యి దగ్గర ఆరబెట్టి, కోళ్ళగూటి మట్టి రాసి మళ్ళీ పెట్టెలో పెట్టేదాన్ని. ఆ గెలుపులన్నీ నీ కాళ్ళవిరా, సాక్సులవి కాదు.

మీ అత్త హెస్టర్

తా.క. ఈసారి తొందరలో మట్టి రాయడం మరిచిపోయాను.