చేప తోక దగ్గరి చెయ్యి

మునిరత్నం,

నీ సంవత్సరీకానికి ఈరోజు ఐరాల వచ్చాను. మీవాళ్లు దండ వేసిన ఫోటో చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. అండమాన్‌లో మనిద్దరం పడవ మాట్లాడుకుని నడిసముద్రంలో పట్టిన ఆ మనిషంత చేప, పక్కన నువ్వొక్కడివే. ‘రీలుకు వెలుతురు తగిలి పాడైపోయిందప్పా, ఒక్క ఫోటో గూడా రాలేదు’ అన్నావే!

రెండు గంటలు గాలం లాగింది నేను. నువ్వు వాంతులు చేసుకుంటూ పడవలో పడుకున్నావు. ఫోటోలో నన్ను మాత్రం నీటుగా కత్తిరించేశావు.

‘మామా, అంత చేపను మా నాయన ఒక్కడే పట్టినాడంట కదా?’ అని నీ కూతురు అడిగింది.

‘అవునమ్మా’ అన్నాను. ఈ రోజు ఇంకేం చెప్పను?

నీ కత్తెరకు అందకుండా చేప తోక దగ్గర నా చెయ్యి ఒకటి మిగిలిపోయింది. గాలం దారం కోసేసిన ఆ అరచేతికి నువ్వు కట్టిన రుమాలు కూడా ఉంది.